ఎమ్2 మ్యాక్ కొన్నాను, టెర్మినల్ మాత్రం ఇంకా ఇంటెల్ అనే అంటోంది

చెరువుగట్టు

అందరికీ నమస్కారమండి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. రొయ్యల మేత అమ్మే డీలర్లకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను. ఏ చెరువుకు ఎన్ని బస్తాలు వెళ్ళాయి, ఎవరి బాకీ ఎంత, పట్టుబడి రోజున కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత తేలింది, అదీ నా ప్రపంచం. జావాస్క్రిప్టు నడిపే నోడ్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్, అక్కడక్కడా పైథాన్. ఆఫీసంటూ ఏం లేదు, వీధి అరుగు పక్క గదే.

ఏడేళ్ళు వాడిన ఇంటెల్ మ్యాక్‌బుక్ ఎయిర్ బ్యాటరీ ఉబ్బిపోయి ట్రాక్‌ప్యాడ్ పైకి లేచింది. పోయిన నెల సెకండ్‌హ్యాండ్‌లో ఎమ్2 ఎయిర్ (ఇంటెల్ బదులు ఆపిల్ సొంత ఆర్మ్ రకం చిప్ ఉన్నది) తీసుకున్నాను. పాత మ్యాక్‌లోవన్నీ కొత్తదాంట్లోకి దించే మైగ్రేషన్ అసిస్టెంట్ పెట్టి పడుకుంటే పొద్దున్నకల్లా అదే వాల్‌పేపరు, అదే టెర్మినల్ రంగులు, చివరికి నేను తీసేద్దామనుకుని మర్చిపోయిన ఫోల్డర్లు కూడా వచ్చి కూర్చున్నాయి. సంబరపడ్డాను.

ఆ సంబరం వారం నిలవలేదు. పాత మిషన్ మీద నా టెస్టులన్నీ పూర్తవడానికి 9 నిమిషాలు పట్టేది. దీని మీద 7. ఇంత డబ్బు పోసి రెండు నిమిషాలు కొనుక్కున్నానా అనిపించింది. పైగా మా దగ్గర వానాకాలం సాయంత్రాలు కరెంటు పోవడం మామూలే. ఇన్వర్టర్ మీద ఫ్యాను, రౌటరు నడుస్తాయి, లాప్‌టాప్ మాత్రం సొంత బ్యాటరీ మీదే. అందరూ రోజంతా వస్తుందన్నారు, నాకు నాలుగు గంటలకే ఎరుపు చూపిస్తోంది. ఈ మోడల్‌కి లోపల ఫ్యాన్ లేదు కదా, అడుగు భాగం ఒళ్ళో పెట్టుకోలేనంత వేడెక్కుతోంది.

యాక్టివిటీ మానిటర్ తెరిచి కైండ్ అనే కాలమ్ చూశాను. టెర్మినల్ ఎదురుగా ఆపిల్ అని ఉంది. నోడ్, పోస్ట్‌గ్రెస్, బాష్ (టెర్మినల్లో కమాండ్లు తీసుకునే షెల్) ఎదురుగా ఇంటెల్. సరే, టూల్స్ పాతవి వచ్చేశాయి, కొత్తవి వేసుకుందామని, అలాంటి టూల్స్ దించిపెట్టే హోమ్‌బ్రూ ఇన్‌స్టాలర్ మళ్ళీ రన్ చేశాను. కొత్త చిప్‌కి అది /ఆప్ట్/హోమ్‌బ్రూ లోకి వెళ్ళాలట. నాకు మాత్రం మళ్ళీ పాత /యూఎస్‌ఆర్/లోకల్ లోకే పోయింది! చిప్ ఏ రకమో చెప్పే 'యూనేమ్ -ఎమ్' కొడితే ఎక్స్86_64, అంటే ఇంటెల్ అంటోంది. టెర్మినల్ యాప్‌కి గెట్ ఇన్‌ఫో తీసి చూశాను, రోసెటా (ఇంటెల్ ప్రోగ్రాములను కొత్త చిప్ మీద నడిపించే ఆపిల్ అనువాదకుడు) టిక్కు లేనే లేదు.

చిప్ ఆర్మ్, టెర్మినల్ ఆర్మ్, మధ్యలో ఈ ఇంటెల్ ఎక్కడినుంచి దూరుతోంది? ఇంకో భయం ఏంటంటే, పోస్ట్‌గ్రెస్‌లో మూడేళ్ళ డేటా ఉంది. అది పోతే డీలర్లు నన్ను చెరువులో దించుతారు.

(కమాండ్లు పలికినట్టు రాశాను. కొట్టేటప్పుడు మామూలుగానే కొట్టుకోండి.)

కొబ్బరాకు

మొత్తం ఫార్మాట్ కొట్టి ఫ్రెష్‌గా మొదలెట్టండి. ఒక్క పూట పని. మైగ్రేషన్ అసిస్టెంట్ అంటే ఇల్లు మారుతూ పాత ఇంటి బూజు కూడా మూట కట్టి తెచ్చుకోవడమే.

చెరువుగట్టు

ఫార్మాట్ అంటే తేలికే అండి, దాని తర్వాత ఏది ఎక్కడుందో నాకు గుర్తుండాలి కదా. ఒక డీలర్ ప్రింటర్ కోసం నాలుగేళ్ళ కిందట ఏదో స్క్రిప్టు రాశాను, అది ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

లాకులదగ్గర

ఫార్మాట్ అక్కర్లేదండి, తొందరపడకండి. మూడు కమాండ్లు కొట్టి ఏం వచ్చిందో ఇక్కడ పెట్టండి.

ఎకో $షెల్
సిస్‌సీటీఎల్ -ఎన్ సిస్‌సీటీఎల్.ప్రాక్_ట్రాన్స్‌లేటెడ్
నోడ్ -పి ప్రాసెస్.ఆర్చ్

రెండోది 1 వస్తే మీ షెల్ రోసెటా మీద నడుస్తున్నట్టు, 0 వస్తే సొంతంగా నడుస్తున్నట్టు. మూడోది మీ నోడ్ ఏ జాతిదో చెబుతుంది.

చెరువుగట్టు

వరసగా:

/యూఎస్‌ఆర్/లోకల్/బిన్/బాష్
1
ఎక్స్64

లాకులదగ్గర

దొరికింది. మీ దొంగ మొదటి వరసలోనే ఉన్నాడు.

మ్యాక్‌తో వచ్చే బాష్ 3.2, అది బాగా పాతది. అది నచ్చక మీరు ఎప్పుడో పాత మిషన్ మీద హోమ్‌బ్రూ నుంచి కొత్త బాష్ వేసుకుని, దాన్నే లాగిన్ షెల్‌గా, అంటే టెర్మినల్ తెరవగానే లేచే షెల్‌గా పెట్టుకుని ఉంటారు. మైగ్రేషన్ అసిస్టెంట్ ఆ సెట్టింగును కూడా తెచ్చింది. ఇప్పుడు టెర్మినల్ ఆర్మ్ ప్రోగ్రామే, కానీ తెరవగానే అది పిలిచేది ఇంటెల్ బాష్‌ని. ఆ బాష్‌కి ఈ చిప్ భాష రాదు కాబట్టి రోసెటా అనువదించి నడిపిస్తుంది.

అసలు తిరకాసు ఆ తర్వాత. ఆపిల్ ఇచ్చే యూనేమ్, జెడ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో షెల్ లాంటివి యూనివర్సల్ ఫైళ్ళు, ఒకే ఫైల్లో ఇంటెల్ కోడు, ఆర్మ్ కోడు రెండూ ఉంటాయి. వాటిని పిలిచిన తల్లి ప్రాసెస్ ఇంటెల్ అయితే పిల్ల కూడా ఇంటెల్ ముక్కనే తీసుకుంటుంది. అందుకే యూనేమ్ మీకు ఎక్స్86_64 అని చెప్పింది. అబద్ధం చెప్పలేదు పాపం, తనకు తెలిసిన నిజం చెప్పింది. హోమ్‌బ్రూ ఇన్‌స్టాలర్ కూడా మొదట ఆ యూనేమ్‌నే అడుగుతుంది. ఇంటెల్ అనే జవాబు రాగానే /యూఎస్‌ఆర్/లోకల్ దారి పట్టింది. మీరు వంద సార్లు ఇన్‌స్టాల్ చేసినా అక్కడికే పోతుంది.

టెస్టులు ఎందుకు నత్తనడక నడుస్తున్నాయో కూడా చెప్తాను. రోసెటా మామూలు ప్రోగ్రామ్‌ని మొదటిసారి తెరిచినప్పుడే అనువదించి దాచుకుంటుంది, అందుకే రెండోసారి నుంచి పెద్దగా తేడా తెలియదు. నోడ్ అలా కాదు. జావాస్క్రిప్టును నడుస్తూ నడుస్తూనే మిషన్ కోడుగా మారుస్తుంది. అప్పటికప్పుడు పుట్టే ఆ ఇంటెల్ కోడును రోసెటా అప్పటికప్పుడే మళ్ళీ ఆర్మ్‌కి మార్చాలి. ఒక వంట రెండుసార్లు వండినట్టు. మీ లాప్‌టాప్ అడుగు కాలేది ఆ రెండో పొయ్యి వల్లే.

ప్రస్తుతానికి 'ఆర్చ్ -ఆర్మ్64 /బిన్/జెడ్‌ఎస్‌హెచ్' కొట్టండి. అందులోంచి యూనేమ్ అడగండి.

చెరువుగట్టు

ఆర్మ్64 అంది! ఒక్క ముక్క కూడా ఇన్‌స్టాల్ చేయకుండా. నేను పది రోజులుగా గోడకి తల కొట్టుకుంటున్నాను.

ఇప్పుడు ఈ షెల్ లోంచే కొత్త హోమ్‌బ్రూ వేసేయనా? పాతదాన్ని ముందు తీసేయాలా?

లాకులదగ్గర

వేసేయండి. పాతది తీయకండి. రెండూ పక్కపక్కన ఉండగలవు, అందుకే ఆ ప్రాజెక్టు వాళ్ళు 2021 ఫిబ్రవరిలో 3.0 వదిలినప్పుడు ఆర్మ్‌కి చోటే వేరు చేశారు. పాతది /యూఎస్‌ఆర్/లోకల్‌లో, కొత్తది /ఆప్ట్/హోమ్‌బ్రూలో.

రెండు ఉన్నప్పుడు ఏది పలుకుతుందన్నది పాత్ వేరియబుల్ చేతిలో ఉంటుంది, కమాండ్‌ని ఏ ఫోల్డర్లలో ఏ వరసలో వెతకాలో చెప్పే జాబితా అది. మన డెల్టా వాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదనుకుంటా. ఎగువ తూము ముందు తాగుతుంది. మీ బాష్ ప్రొఫైల్లో (షెల్ తెరవగానే చదివే సెట్టింగుల ఫైలు) /యూఎస్‌ఆర్/లోకల్/బిన్ ఎగువన ఉన్నంత కాలం దిగువన ఎంత కొత్త టూల్ పెట్టుకున్నా దానికి చుక్క రాదు. ఇన్‌స్టాలర్ చివర్లో 'బ్రూ షెల్‌ఎన్వ్' అనే వరస ఒకటి చూపించి ప్రొఫైల్లో పెట్టుకోమంటుంది. అది పెడితే /ఆప్ట్/హోమ్‌బ్రూ ఎగువకి వస్తుంది. కానీ మీ పాత ప్రొఫైల్లో దాని తర్వాత ఎక్కడైనా /యూఎస్‌ఆర్/లోకల్‌ని ముందుకు తోసే వరస ఉంటే మళ్ళీ మొదటికే. ఫైలు అడుగు దాకా చదవండి.

పాత జాబితా మొత్తం కొత్తదాంట్లో దింపకండి. '/యూఎస్‌ఆర్/లోకల్/బిన్/బ్రూ లీవ్స్' అని కొట్టండి. వేరే దేనికోసమో తోడుగా వచ్చినవి వదిలేసి పైన ఉన్నవి మాత్రమే చూపిస్తుంది. అందులో ఈ ఆరు నెలల్లో వాడినవి ఏవో గీత గీసుకుని అవే వేసుకోండి.

చెరువుగట్టు

మాది శివారు చేనే అండి. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి కాలువకి వదిలిన నీళ్ళు మా దాకా వచ్చేసరికి పై ఊళ్ళ నారు మొలకెత్తుతుంది. పాత్ ఇంత బాగా నాకు ఎవరూ చెప్పలేదు.

మొత్తం లిస్టు 94. లీవ్స్ 23. వాటిలో నిజంగా వాడేవి 11. మిగిలిన పన్నెండులో ఒకటి వీడియోలు కత్తిరించే టూల్, అక్క కూతురి పెళ్ళి వీడియో కోసం వేసుకున్నది. ఆ పిల్లకి ఇప్పుడు బడికెళ్ళే కొడుకు.

పదకొండూ పావుగంటలో ఎక్కేశాయి. ఒకదానికి మాత్రం ఎర్రర్ వచ్చింది, రోసెటా కింద ఉండి ఆర్మ్ చోట్లో ఇన్‌స్టాల్ చేయలేవు అని. చూస్తే వేరే టెర్మినల్ విండో, పాత బాష్ తెరిచి ఉంది. విండో మూసి మళ్ళీ చేశాను.

ఇక పోస్ట్‌గ్రెస్ సంగతి చెప్పండి. పాత డేటా ఫోల్డరు కాపీ చేసి కొత్తదాని కింద పెట్టేస్తే చాలా?

పంటురేవు

మధ్యలో వస్తున్నానండి, పోస్ట్‌గ్రెస్ నా కూడు కాబట్టి.

ఫోల్డరు కాపీ చేయకండి. ఒక్కోసారి లేచి నిలబడుతుంది కూడా, అదే ప్రమాదం. ఆ ఫైళ్ళు డిస్క్ మీద రాసుకునే తీరు వెర్షన్‌ని బట్టి, బిల్డ్‌ని (ఏ చిప్‌కి తయారుచేశారన్నదాన్ని) బట్టి ఉంటుంది. ఒక పెద్ద వెర్షన్ ఫోల్డర్‌ని ఇంకో పెద్ద వెర్షన్ నేరుగా తెరవనే తెరవదు. మీ పాతది ఎంత?

చెరువుగట్టు

పాతది 14. కొత్తగా 16 వేశాను.

పంటురేవు

అయితే ఇక మాటే లేదు, డంప్ తీయండి. పాత సర్వర్ నడుస్తుండగానే 'పీజీ_డంప్‌ఆల్'తో మొత్తం ఒక ఫైల్లోకి తీయండి. డేటాబేసులే కాదు, యూజర్లు, పాస్‌వర్డులు కూడా వస్తాయి. ఆ ఫైలుని పెన్‌డ్రైవ్‌లో కూడా వేసుకోండి. తర్వాత పాత సర్వర్ ఆపండి. ఆపిన సంగతి రూఢి చేసుకోండి. అప్పుడు కొత్తది లేపి, పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌తో ఆ ఫైలు తాగించండి. మీ పేరుతో రోల్ (యూజర్) ముందే ఉంది అని ఒక ఎర్రర్ కనిపిస్తుంది, దానికి కంగారుపడక్కర్లేదు. అది కాక ఇంకో ఎర్రర్ ఏదైనా వస్తే మాత్రం ఆగండి.

హోమ్‌బ్రూలో 16 లాంటి నంబరు వెర్షన్ వేస్తే దాని కమాండ్లు నేరుగా పాత్‌లోకి రావు. /ఆప్ట్/హోమ్‌బ్రూ/ఆప్ట్ కింద దాని బిన్ ఫోల్డర్ ఉంటుంది, అది మీరే కలుపుకోవాలి. లేకపోతే పాత పీఎస్‌క్యూఎల్ పలుకుతుంది, మీరు కొత్తదనుకుంటారు.

రెండు వైపులా పెద్ద టేబుళ్ళ వరసలు లెక్కపెట్టి సరిచూసుకోకుండా పాతదాని జోలికి వెళ్ళకండి.

చెరువుగట్టు

రాత్రి కూర్చున్నాను. ఏం జరిగిందో చెప్తాను, నవ్వుకోండి.

డంప్ తీశాను. పాత సర్వర్ ఆపాను. కొత్తది లేపాను. ఫైలు తాగించాను. రోల్ ముందే ఉంది అన్నాడు, మీరు ముందే చెప్పారు కాబట్టి పట్టించుకోలేదు. ఆ తర్వాత టేబుల్ ముందే ఉంది, ఇండెక్స్ ముందే ఉంది అని వరసగా స్క్రీను నిండా ఎర్రర్లు. కొత్త ఖాళీ డేటాబేసులో నా టేబుళ్ళు ముందే ఎలా ఉంటాయి?

నాకు కాళ్ళలో వణుకు. ఆగమన్నారు కదా, ఆగాను. పీఎస్‌క్యూఎల్‌లో 'షో డేటా_డైరెక్టరీ' అని అడిగితే చల్లగా చెప్పింది, /యూఎస్‌ఆర్/లోకల్/వార్/పోస్ట్‌గ్రెస్. అంటే నేను తాగించింది పాతదానికే!

పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432 ఎవరి చేతిలో ఉందో 'ఎల్‌సాఫ్ -ఐ :5432' కొట్టి చూస్తే తలుపు దగ్గర కూర్చున్నది పాత సర్వరే. నేను ఆపాననుకున్నది కిల్ కొట్టి. లైబ్రరీ లోపల లాంచ్‌ఏజెంట్స్ ఫోల్డర్లో పాత హోమ్‌బ్రూ పెట్టిన ప్లిస్ట్ ఫైలు ఉంది. నేను చంపిన మరుక్షణం అది మళ్ళీ లేపుతోంది. కొత్త సర్వరేమో పోర్టు ఖాళీ లేక పుట్టిన చోటే పడిపోతోంది. కొత్త బ్రూ సర్వీసెస్ లిస్టులో ఎర్రర్ అని ఎరుపు అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు.

పాత బ్రూతోనే, పూర్తి దారి ఇచ్చి, సర్వీసెస్ స్టాప్ కొట్టాను. ఎల్‌సాఫ్ ఏమీ చూపించలేదు. అప్పుడు కొత్తది లేపాను. షో డేటా_డైరెక్టరీ ఈసారి /ఆప్ట్/హోమ్‌బ్రూ అంది. మళ్ళీ తాగించాను.

పాత డేటాబేసులో నా మొదటి ప్రయత్నం వల్ల వరసలు రెండింతలు అయ్యాయేమోనని ఇంకో భయం. ఒకే వరస రెండుసార్లు పడకుండా ఆపే ప్రైమరీ కీలు ఉన్న టేబుళ్ళన్నీ వాటిని రానివ్వలేదు. కీ లేని టేబుల్ ఒకటుంది, వాతావరణం నోట్స్ కోసం ఎప్పుడో బద్ధకంగా చేసింది. అది మాత్రం సరిగ్గా రెండింతలైంది. డంప్ ముందే తీశాను కాబట్టి కొత్తదాంట్లో అన్నీ శుభ్రం. మేత టేబుల్లో డంప్ తీసే ముందు రాసుకున్న లెక్క 2,18,640 వరసలు, కొత్తదాంట్లో 2,18,640. ఆ అంకె చూసి మజ్జిగ తాగి పడుకున్నాను.

పంటురేవు

హమ్మయ్య. ఆ కీ లేని టేబుల్‌కి ముందు కీ పెట్టండి.

కొబ్బరాకు

ఫార్మాట్ కొట్టి ఉంటే ఈపాటికి నిద్రపోయేవారు. ఊరికే అంటున్నా లెండి.

లాకులదగ్గర

బాగా చేశారు. నోడ్ సంగతి మర్చిపోకండి. అది మీరు నోడ్ వెర్షన్లు మార్చుకునే ఎన్‌విఎమ్‌తో వేసుకుని ఉంటే హోమ్‌బ్రూ మారినంత మాత్రాన మారదు, మీ హోమ్ ఫోల్డర్లో పాత ఇంటెల్ బిల్డ్ అలాగే ఉంటుంది. ఆ వెర్షన్ తీసేసి, ఆర్మ్ షెల్ లోంచి మళ్ళీ వేయండి. ప్రతి ప్రాజెక్టులో నోడ్_మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం తీసి మళ్ళీ దించండి. పాస్‌వర్డులు హ్యాష్ చేసేవి, బొమ్మలు చిన్నవి చేసేవి లాంటి ప్యాకేజీల్లో కంపైల్ చేసిన ముక్కలు ఉంటాయి. అవి పాతవే ఉంటే 'ఇన్‌కంపాటిబుల్ ఆర్కిటెక్చర్, ఉన్నది ఎక్స్86_64, కావలసింది ఆర్మ్64' అని మొహం మీదే చెబుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లూ అంతే, కొత్తగా చేసుకోవాలి.

ఒక్క హెచ్చరిక. పాత హోమ్‌బ్రూ తీసేసే ముందు లాగిన్ షెల్ మార్చడం మర్చిపోకండి.

చెరువుగట్టు

ఈ చివరి వాక్యం నేను నిన్న చదివి ఉంటే బాగుండేది.

నోడ్ అంతా మారింది. టెస్టులు 7 నిమిషాల నుంచి 2 నిమిషాల 50 సెకన్లకి దిగాయి. ఆ ఊపులో పాతది ఊడ్చేద్దామనిపించింది. బాష్ అలవాటు కాబట్టి కొత్త హోమ్‌బ్రూ బాష్‌నే లాగిన్ షెల్ చేద్దామని సీహెచ్‌ఎస్‌హెచ్ కొట్టాను. పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను, ఏదో ఒక వరస పడింది. చదవలేదు. వెంటనే హోమ్‌బ్రూ వాళ్ళ అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టుకి /యూఎస్‌ఆర్/లోకల్ దారి ఇచ్చి వదిలాను. శుభ్రంగా తుడిచింది.

కొత్త విండో తెరిచాను. 'లాగిన్: /యూఎస్‌ఆర్/లోకల్/బిన్/బాష్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ'. దాని కింద 'ప్రాసెస్ కంప్లీటెడ్'. ఇంకో విండో. అదే మాట. ఉన్న ఒక్క పాత విండో అప్పటికే మూసేశాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది, బయట వాన. చీకట్లో ఆ ఒక్క వాక్యం తెల్లగా మెరుస్తూ నన్నే చూస్తోంది.

లాకులదగ్గర

అయ్యో. మీరు చదవని ఆ వరస 'నాన్‌స్టాండర్డ్ షెల్' అయ్యుంటుంది. /ఈటీసీ/షెల్స్ ఫైల్లో పేరు లేని షెల్‌ని సీహెచ్‌ఎస్‌హెచ్ ఒప్పుకోదు. ముందు ఆ ఫైల్లో కొత్త బాష్ దారిని సుడోతో (అడ్మిన్ హక్కులతో) చేర్చాలి.

బయటపడ్డారా? టెర్మినల్ సెట్టింగ్స్‌లో జనరల్ కింద 'షెల్స్ ఓపెన్ విత్' అని ఉంటుంది. అక్కడ కమాండ్ ఎంచుకుని /బిన్/జెడ్‌ఎస్‌హెచ్ అని పెడితే తెరుచుకుంటుంది.

చెరువుగట్టు

బయటపడ్డాను, మీరు చెప్పిన దారే, ఫోన్‌లో వెతికి పట్టుకున్నాను. తర్వాత /ఈటీసీ/షెల్స్‌లో చేర్చి మళ్ళీ మార్చాను. ఈసారి ఒక్కో అక్షరం చదివాను.

ఇంకోటి. కోడ్ రాసుకునే వీఎస్‌కోడ్ లోపలి టెర్మినల్లో మాత్రం యూనేమ్ ఇంకా ఎక్స్86_64 అంటోంది. షెల్ మారింది, నోడ్ మారింది. ఇదేంటి మళ్ళీ?

పంటురేవు

మీ వీఎస్‌కోడే ఇంటెల్ బిల్డ్. అప్లికేషన్స్ ఫోల్డర్లో గెట్ ఇన్‌ఫో తీయండి, కైండ్ ఎదురుగా ఇంటెల్ అని ఉంటుంది. తల్లి ఇంటెల్ అయితే పిల్ల ఇంటెల్, పైన చెప్పిన సూత్రమే. ఆపిల్ సిలికాన్ బిల్డ్ దించి పాతదాని మీద వేసేయండి, సెట్టింగులు ఎక్కడికీ పోవు. టీమక్స్ (ఒకే టెర్మినల్లో చాలా షెల్‌లు నడిపే టూల్) వాడేవాళ్ళకి కూడా ఇదే తంటా. పాత టీమక్స్ సర్వర్ వెనక బతికి ఉన్నంత కాలం ఎన్ని కొత్త విండోలు తెరిచినా అవి దాని పిల్లలే.

కొబ్బరాకు

నాదో ప్రశ్న, నవ్వకండి. ఇంత తంటా ఎందుకు? రోసెటా నడుస్తోంది కదా, నడవనివ్వొచ్చు కదా. నేను నాలుగేళ్ళుగా అలాగే ఉన్నాను.

లాకులదగ్గర

పైన ఫార్మాట్ సలహా ఇచ్చింది మీరేనా!

నడుస్తోంది, ఎల్లకాలం కాదు. 2025 జూన్ డెవలపర్ల సమావేశంలో ఆపిల్ చెప్పేసింది, మ్యాక్‌ఓఎస్ 27 దాకానే రోసెటా మామూలుగా ఉంటుందని, ఆ తర్వాత కొన్ని పాత ఆటల కోసం కొంత భాగం మాత్రం మిగులుస్తామని. ఇంటెల్ మ్యాక్‌లకి 26 ఆఖరు. వాళ్ళకి ఇది అలవాటే. పవర్‌పీసీ నుంచి ఇంటెల్‌కి వెళ్ళినప్పుడు కూడా మొదటి రోసెటా 2006లో వచ్చి, 2011లో లయన్‌తో వెళ్ళిపోయింది. అప్పుడు ఆఖరి వారం దాకా కూర్చున్నవాళ్ళని చూశాను కాబట్టి చెబుతున్నాను. తీరిగ్గా ఉన్నప్పుడు మార్చుకుంటే మీరు మారుస్తారు, లేకపోతే ఒక రోజు అప్‌డేట్ పడి అదే మిమ్మల్ని మారుస్తుంది.

కొబ్బరాకు

సరే, నేనూ ఎకో $షెల్ కొట్టాను. ఏం వచ్చిందో చెప్పను.

చెరువుగట్టు

నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను, ఇంకో శవం బయటపడింది.

రోజూ రాత్రి 2 గంటలకి డేటాబేస్ బ్యాకప్ తీసే స్క్రిప్టు ఒకటి, వేళకి పనులు నడిపించే క్రాన్‌లో ఉంది. ఇవాళ బ్యాకప్ ఫోల్డర్ తెరిస్తే ఆఖరి ఫైలు నాలుగు రోజుల కిందటిది. స్క్రిప్టు మొదటి వరసలో బాష్ దారి /యూఎస్‌ఆర్/లోకల్/బిన్/బాష్ అని నేరుగా రాసి ఉంది. ఆ బాష్ నేనే తీసేశాను. క్రాన్ ఏ గోలా చేయలేదు, ఏదో మెయిల్‌బాక్సులో వేసి ఊరుకుంది. కొత్త సర్వర్‌కి మారిన నాలుగు రోజులూ నాకు బ్యాకప్ లేదన్నమాట.

హోమ్ ఫోల్డర్ అంతా గ్రెప్ పెట్టి /యూఎస్‌ఆర్/లోకల్ అన్న మాట ఎక్కడెక్కడుందో వెతికాను. 31 చోట్ల తగిలింది. సగం చచ్చిన ప్రాజెక్టులు. మిగిలిన వాటిలో మొదటి వరస '/యూఎస్‌ఆర్/బిన్/ఎన్వ్ బాష్' అని మార్చాను, ఇక ఏ బాష్ ఎక్కడున్నా పాత్ చూసుకుని అదే వెతుక్కుంటుంది. క్రాన్‌కి సొంత పాత్ చాలా చిన్నది కాబట్టి క్రాన్‌ట్యాబ్ పైన పాత్ కూడా రాశాను. అన్నట్టు ఆ ప్రింటర్ స్క్రిప్టు ఈ గ్రెప్‌లోనే దొరికింది, 'కొత్త ఫోల్డర్ 2' లోపల.

బ్యాటరీ సంగతి. నిన్న సాయంత్రం మూడు గంటలు కరెంటు లేదు. 88 దగ్గర మొదలైంది, కరెంటు వచ్చేసరికి 71. ఒళ్ళో పెట్టుకునే పని చేశాను.

చివరి ప్రశ్న. ఆకివీడు వైపు ఒక డీలర్‌ది పాత ప్రోగ్రామ్ ఉంది, నోడ్ 14. ఆర్మ్ షెల్ లోంచి వేస్తుంటే రెడీమేడ్ బిల్డ్ దొరక్క సోర్స్ నుంచి కంపైల్ చేయబోయి మధ్యలో పడిపోయింది.

లాకులదగ్గర

14కి ఆపిల్ సిలికాన్ బిల్డ్ వాళ్ళు ఇవ్వలేదండి, 16 నుంచే మొదలు. దాన్ని ఇంటెల్‌గానే వదిలేయండి. 'ఆర్చ్ -ఎక్స్86_64 జెడ్‌ఎస్‌హెచ్' కొట్టి, ఆ షెల్ లోంచి ఎన్‌విఎమ్‌తో 14 వేసుకోండి, ఆ ఒక్క ప్రాజెక్టుకి అది చాలు. అయితే 14కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 ఏప్రిల్‌లోనే ఆగిపోయాయి. డీలర్‌కి చెప్పి ఇంకా అప్‌డేట్లు వస్తున్న కొత్త వెర్షన్ మీదకి లాగడం మంచిది, డబ్బులు కూడా అడగండి.

చెరువుగట్టు

పని చేసింది. డబ్బుల మాట పట్టుబడి అయ్యాక ఎత్తుతాను, ఇప్పుడు కౌంట్ 60 దగ్గర ఆగి ఆయన మంచి మూడ్‌లో లేడు.